ఊరికి తెలివి, ఊరివాళ్లకు జవాబు

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వన్‌టౌన్ వీధుల్లో కొందరు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. నోట నురగ, వాంతులు, కాసేపు స్పృహ లేకపోవడం. వాళ్లంతా ఒక ఇంటివాళ్లు కారు, ఒక ఈడువాళ్లూ కారు. ఆదివారం తెల్లారేసరికి ప్రభుత్వాసుపత్రి నిండిపోయింది. వారం తిరిగేలోగా బాధితుల సంఖ్య 600 దాటింది. ఒకరు చనిపోయారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వంటివాటి నిపుణులు ఏలూరుకు సంబంధించిన నీళ్లనూ పాలనూ కూరగాయలనూ రక్తాన్నీ పరీక్షించారు. రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని మొదట చెప్పారు. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని తర్వాత అభిప్రాయపడ్డారు. అంతమంది ఒంట్లోకి ఆ విషం ఏ దారిన చేరిందన్నది మాత్రం స్పష్టంగా తేలలేదు.

తేలకపోవడానికి ఒక కారణం సులువుగానే అర్థమవుతుంది. ముందు రోజు కుళాయి నీళ్లలో ఏముంది, అంతకు ముందు వారం మార్కెట్‌కు వచ్చిన కూరల మీద ఏముంది అని చూసుకోవడానికి రోజువారీ లెక్క ఉండాలి. అది లేనప్పుడు మనుషులు పడిపోయాకే పరీక్షలు మొదలవుతాయి. అప్పటికి నీరు పారిపోయి ఉంటుంది, కూర తినేసి ఉంటారు.

కృత్రిమ మేధ (ఏఐ)తో నడిచే నగరాల గురించి ఇవాళ మనం వింటున్న మాటలన్నిటినీ ఈ సంఘటన పక్కన పెట్టి చూడాలి. ఆ రోజుల్లో ఏలూరు బడుల్లో చదువుకుంటున్న పిల్లల్లో చాలామంది ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు. వాళ్ల చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో ఏఐ ఉంది. తమ ఊరికి అది ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న ప్రశ్న ముందుగా వాళ్లది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల యువత ఈ కొత్త తెలివిని ఎలా చూస్తోంది, ఎందుకు అలా చూస్తోంది, ఎలా చూస్తే మేలు అన్నదే ఈ అధ్యాయం.

తెలివైన నగరం అంటే

కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద 100 నగరాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి విశాఖపట్నం, కాకినాడ, తిరుపతి, అమరావతి చోటు దక్కించుకున్నాయి. 2025 మార్చి 31తో ఆ మిషన్ గడువు ముగిసింది. వంద నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు వచ్చాయి. గోడంత తెరల మీద కెమెరాల దృశ్యాలు, సిగ్నళ్లు, చెత్త బండ్ల జాడ, నీటి సరఫరా వివరాలు కనిపించే గదులివి. ఏలూరు ఆ వందలో లేదు. తాడేపల్లిగూడెమూ లేదు. అయినా కెమెరాలు, యాప్‌లు, సెన్సర్లు ఈ ఊళ్లకూ వచ్చాయి. పథకం పేరు లేకపోవచ్చు గానీ పని మొదలైంది.

ఎంత పెద్ద వ్యవస్థ అయినా లోపల జరిగేవి మూడే పనులు. మొదటిది కొలవడం: కెమెరా, నీటిమట్టం చూపే గేజి, గాలిలో ధూళిని లెక్కించే పరికరం ఈ పని చేస్తాయి. రెండోది ఊహించడం: ఇంతకు ముందు చూసిన వేల ఉదాహరణలను బట్టి ఇప్పుడు కనిపిస్తున్నది ఏమిటో, తర్వాత ఏం కావచ్చో యంత్రం అంచనా వేస్తుంది. కృత్రిమ మేధ ఉండేది ఇక్కడే. మూడోది నిర్ణయించడం: సిగ్నల్ మార్చాలా, జరిమానా వేయాలా, పింఛను ఆపాలా అన్నది. మొదటి రెండు పనుల్లో తప్పు జరిగితే అంకె తప్పుతుంది. మూడోదానిలో తప్పు జరిగితే మనిషి నష్టపోతాడు. యువత ఏఐని నమ్ముతోందా, అనుమానిస్తోందా అని అడిగేముందు ఈ మూడింటిలో దేని గురించి అడుగుతున్నామో తేల్చుకోవాలి.

రెండో పని ఎంత చిక్కుగా ఉంటుందో చూడాలంటే ఏలూరు ఫైర్‌స్టేషన్ సెంటర్‌లో సాయంత్రం ఐదింటి రద్దీ చాలు. షేర్ ఆటోలు, బడి బస్సులు, తోపుడు బండ్లు, అడ్డంగా నిలబడ్డ ఆవు, ముగ్గురెక్కిన బైకు. వాహనాలను గుర్తించే ఏఐకి శిక్షణ ఇవ్వడానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడిన ఫొటోల సంపుటాల్లో ఒకటి సిటీస్కేప్స్. 2016లో వచ్చిన ఆ సంపుటంలోని వీధులన్నీ జర్మనీ, దాని ఇరుగుపొరుగు దేశాల నగరాలవి. గీత దాటని కార్లు, పేవ్‌మెంట్ మీద నడిచే మనుషులు. ఆ ఫొటోలు మాత్రమే చూసి నేర్చుకున్న యంత్రానికి ఆటో అంటే ఏమిటో తెలియదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ పేరుతో హైదరాబాద్, బెంగళూరు ప్రాంతాల రోడ్ల నుంచి 10,000 చిత్రాలను సేకరించి, ఒక్కో చిత్రంలో ఏ వస్తువు ఎక్కడుందో గుర్తులు పెట్టి విడుదల చేశారు. అందులో ఆటోరిక్షాకు ప్రత్యేకంగా ఒక తరగతి ఉంది, జంతువులకూ ఉంది. యంత్రం తెలివి అంతా దానికి చూపించిన ఉదాహరణల్లో ఉంటుంది. ఎవరి వీధిని చూపిస్తే వాళ్ల వీధే దానికి అర్థమవుతుంది.

రొయ్యల చెరువు నేర్పిన పాఠం

కొల్లేటి చుట్టుపక్కల పల్లెల్లో పెరిగిన కుర్రవాడికి యంత్రపు తెలివితో తొలి పరిచయం నగరంలో జరగలేదు. చెరువు గట్టు మీద జరిగింది. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు రొయ్య పెంచే ఇళ్లలో డీఓ అన్న మాట పిల్లలకు కూడా తెలుసు. నీటిలో కరిగిన ఆక్సిజన్ అది. పగలు ఎండ ఉన్నంతసేపు నీటిలోని సూక్ష్మమైన నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది. పొద్దు గుంకాక ఆ పని ఆగిపోతుంది. నాచు, రొయ్య, అడుగున కుళ్లే మేత, బాక్టీరియా అన్నీ కలిసి రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాములు ఉంటే రొయ్యకు ఇబ్బంది లేదు. బాగా తగ్గితే పైకి తేలుతుంది. సమయానికి ఏరేటర్లు తిప్పకపోతే మూడు నెలల పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. మబ్బు పట్టిన రోజు, కరెంటు పోయిన రాత్రి రైతు నిద్రపోడు.

విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ అనే సంస్థ సరిగ్గా ఈ భయానికే పరికరం తయారు చేసింది. చెరువులో తేలే సెన్సర్ ఆక్సిజన్‌నూ ఉష్ణోగ్రతనూ ఆమ్లత్వాన్నీ కొలిచి రైతు ఫోన్‌కు పంపుతుంది. ప్రమాదం కనిపిస్తే హెచ్చరిస్తుంది. రొయ్య మేత తినేటప్పుడు వచ్చే సన్నని చప్పుడును నీటిలో ఉంచిన మైకుతో విని, ఆకలి ఎంత ఉందో అంచనా వేసి మేత వదిలే యంత్రాలూ తర్వాత వచ్చాయి. సాయంత్రపు ఆక్సిజన్ ఎంత, ఎండ ఎంత కాసింది, నీటి రంగు ఎలా ఉంది అన్న వివరాలు వేల రాత్రులవి పోగేస్తే, ఈ రాత్రి మూడింటికి ఆక్సిజన్ ఎంతకు పడుతుందో యంత్రం ముందే చెప్పగలదు. ఇక్కడ జరుగుతున్నది మంత్రం కాదు, లెక్క.

ఈ యంత్రాన్ని గట్టు మీది కుర్రాడు ఎందుకు నమ్ముతాడు? నాకు నాలుగు కారణాలు కనిపిస్తాయి. యంత్రం చెప్పింది నిజమో కాదో తెల్లారేసరికి తేలిపోతుంది. తప్పు చెప్తే ఎంత నష్టమో ముందే తెలుసు. యంత్రం చెప్పినా వినకుండా ఏరేటర్ మీట తానే వేయవచ్చు, తీయవచ్చు. పరికరం అమ్మినవాడు ఎవరో తెలుసు, పనిచేయకపోతే వాడికి ఫోన్ చేసి అడగవచ్చు. ఈ నాలుగూ ఉన్నచోట నమ్మకం దానంతటదే వస్తుంది. అవి లేనిచోట యంత్రాన్ని నమ్మమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే.

నమ్మకం, ఆశ, బెంగ

క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం, కేపీఎంజీ కలిసి 17 దేశాల్లో 17,000 మందికి పైగా ప్రజలను అడిగి 2023లో ఒక అధ్యయనం ప్రచురించాయి. ఏఐని నమ్మడానికి సిద్ధమని చెప్పినవాళ్లు మన దేశంలో 75 శాతం. ఫిన్లాండ్‌లో 16 శాతం, జపాన్‌లో 23 శాతం. అన్ని దేశాలనూ కలిపి చూసినా పెద్దవాళ్ల కంటే యువతకు, అందులోనూ డిగ్రీ చదివినవారికి నమ్మకం ఎక్కువ. నిజాయితీగా నడిచే ఆఫీసులకు పేరుపడ్డ ఫిన్లాండ్‌లో అనుమానం ఉంది, మన దగ్గర నమ్మకం ఉంది. ఇది తలకిందులుగా అనిపించవచ్చు. కానీ కారణం కోసం దూరం వెళ్లనక్కర్లేదు.

కుల ధ్రువీకరణ పత్రం కోసం, ఆదాయ పత్రం కోసం ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరగాలో తెలిసిన ఇంట్లో పుట్టిన అమ్మాయికి, ఫోన్‌లో పని అయిపోవడం అంటే గౌరవం దక్కడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర' పేరుతో 161 సేవలను ప్రారంభించింది. అక్కడ గుమాస్తా విసుక్కోడు, రేపు రమ్మనడు, టీ ఖర్చులు అడగడు. మనిషి మీద అపనమ్మకమే ఇక్కడ యంత్రం మీద నమ్మకంగా మారుతోంది. ఆ నమ్మకం వెనక ఉన్న అవమానాన్ని మనం గుర్తించాలి. అదే సమయంలో ఒక ప్రమాదాన్నీ చూడాలి. మనిషి తప్పు చేస్తే ఆయన ఎదుట నిలబడి గొంతెత్తవచ్చు. పైఅధికారికి అర్జీ పెట్టవచ్చు. యంత్రం తప్పు చేస్తే ఎవరి ఎదుట నిలబడాలి?

ఆశకు తోడుగా బెంగ కూడా ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీ ఆంధ్రప్రదేశ్ మొదట్లో పెదతాడేపల్లిలోని వాసవి ఇంజినీరింగ్ కాలేజీ భవనాల్లో నడిచింది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే ఉన్న భూముల్లో సొంత ప్రాంగణం కట్టుకుంది. పది కిలోమీటర్ల అవతల వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీలు ఉన్నాయి. ఈ చుట్టుపక్కల వేల కుటుంబాలు అర ఎకరం అమ్మో, చెరువు లీజు డబ్బు కూడబెట్టో పిల్లలను కంప్యూటర్ సైన్సులో చేర్చాయి. 2025 జూలైలో ఐటీ కంపెనీ టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు ఆ ఇళ్లలో వచ్చిన మౌనం చిన్నది కాదు. ఆ తగ్గింపుకు ఏఐ కారణమని కంపెనీ చెప్పలేదు. నైపుణ్యాల పొందిక కుదరకపోవడమే కారణమంది. కానీ కోడ్ రాసే పనిలో మొదటి మెట్టు సన్నబడుతోందన్న భయం ప్లేస్‌మెంట్ల కోసం ఎదురుచూసే ప్రతి హాస్టల్ గదిలోనూ ఉంది. తన పాఠాన్ని విడమరిచి చెప్పే ఏఐ, రేపు తన కొలువు లాక్కునే ఏఐ ఒక్కటే అయినప్పుడు ఇరవయ్యేళ్ల పిల్లవాడు ఏకకాలంలో దాన్ని ఇష్టపడతాడు, భయపడతాడు. దాన్ని గందరగోళం అనకూడదు. ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చూడటం అనాలి.

కెమెరాల విషయంలో అమ్మాయిల మాట మరింత జాగ్రత్తగా వినాలి. రాత్రి పొద్దుపోయి బస్టాండులో దిగిన విద్యార్థినికి స్తంభం మీద కెమెరా ఉండటం ధైర్యం. తానెవరితో మాట్లాడిందో, ఎక్కడ నిలబడిందో చూపే ఆ దృశ్యం కంట్రోల్ రూమ్ దాటి ఎవరి ఫోన్‌లోకైనా వెళ్తుందేమో అన్నది అదే అమ్మాయి భయం. కెమెరా పెట్టేవాళ్లు మొదటి మాటే వింటారు. రెండో మాటకు కూడా జవాబు చెప్పినప్పుడే ఆ ధైర్యం నిలుస్తుంది.

నూటికి తొంభైతొమ్మిది

ముఖాలను గుర్తుపట్టే వ్యవస్థలను అమ్మేవాళ్లు తరచు 99 శాతం కచ్చితత్వం అంటారు. ఆ మాట వినగానే తప్పు జరిగే అవకాశం లేదనిపిస్తుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. ఏలూరు రైల్వే స్టేషన్ గుండా ఒక రోజులో 20,000 మంది వెళ్లారనుకుందాం. అందులో పోలీసులు వెతుకుతున్నవాళ్లు 10 మంది అనుకుందాం. వెతుకుతున్న మనిషి వస్తే మన కెమెరా నూటికి 99 సార్లు పట్టుకుంటుంది. సంబంధం లేని మనిషిని చూసి నూటికి ఒక్కసారే పొరబడుతుంది.

పది మందిలో పది మందీ దాదాపుగా దొరుకుతారు. మిగిలిన 19,990 మందిలో నూటికి ఒకరు చొప్పున సుమారు 200 మంది మీద కూడా గంట మోగుతుంది. మొత్తం 210 హెచ్చరికల్లో 200 తప్పు. అంటే కెమెరా చూపించిన ప్రతి 21 మందిలో 20 మంది అమాయకులు. యంత్రం తన మాట తప్పలేదు, 99 శాతం కచ్చితంగానే పనిచేసింది. వెతకాల్సినవాళ్లు కొద్దిమంది, వచ్చిపోయేవాళ్లు వేలమంది అయినప్పుడు చిన్న తప్పు కూడా ఇంత పెద్దదవుతుంది. కొల్లేటి జాలరికి ఈ చిక్కు కొత్త కాదు. వల కన్ను చిన్నది చేస్తే పిల్లచేపలన్నీ పడతాయి, పెద్దది చేస్తే కావలసిన చేప కూడా జారిపోతుంది. యంత్రం ఎంత పోలిక కనిపిస్తే గంట మోగించాలన్నది కూడా అలా ఒక మనిషి నిర్ణయించిన కన్నే. ఆ కన్ను ఎంత పెట్టారో ఊరివాళ్లకు చెప్పాలి.

తప్పులు అందరి మీదా సమానంగా పడవు కూడా. 2018లో జాయ్ బువొలామ్విని, టిమ్నిట్ గెబ్రు అనే పరిశోధకులు ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల ఏఐలను పరీక్షించారు. తెల్లని మేనిఛాయ ఉన్న మగవాళ్ల విషయంలో తప్పు 0.8 శాతం మించలేదు. నల్లని మేనిఛాయ ఉన్న ఆడవాళ్ల విషయంలో ఒక ఏఐ తప్పు 34.7 శాతానికి చేరింది. శిక్షణ కోసం వాడిన ముఖాల్లో ఎవరు తక్కువగా ఉన్నారో, తప్పులు వాళ్ల మీదే పడ్డాయి.

అంకెల తప్పు అన్నం దాకా ఎలా వస్తుందో మన పక్క రాష్ట్రమే చూపించింది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఒకే మనిషివి అనిపించిన వివరాలను జతచేస్తుంది. పేరు, చిరునామా దగ్గరగా ఉంటే ఒకరి కారు మరొకరి లెక్కలో పడే అవకాశం ఉంది. కారు ఉందని తేలితే రేషన్ కార్డు పోతుంది. అక్కడ రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. తనకు కారే లేదని ఒక పేద కుటుంబం నిరూపించుకోవాల్సి రావడం ఎంత కష్టమో ఆలోచించండి. ఉన్నదాన్ని చూపించవచ్చు. లేనిదాన్ని ఎలా చూపిస్తారు?

గట్టు మీద కుర్రాడి నాలుగు కారణాలను ఇక్కడ పెట్టి చూడండి. తప్పు తెల్లారేసరికి తేలలేదు, ఏళ్లు పట్టింది. నష్టం ఎంతో ముందు తెలియలేదు. మీట మనిషి చేతిలో లేదు. ఎవరిని అడగాలో తెలియదు. చెరువులో వాడే తెలివీ, ఇక్కడ వాడే తెలివీ ఒకే గణితం మీద నడుస్తాయి. తేడా అంతా జవాబుదారీతనంలో ఉంది.

కొల్లేటిని ఆకాశం నుంచి చూస్తే

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో కొల్లేరు ఉంది. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లూ ఎన్నో కాలువలూ అందులో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. 1999లో ప్లస్ ఐదు కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. అయినా చెరువులు ఆగలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో లెక్కగడితే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో సుమారు 42 శాతాన్ని చేపల చెరువులు ఆక్రమించినట్టు తేలింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఆ చెరువుల గట్లను పగలగొట్టారు.

ఇప్పుడు ఆ ఉపగ్రహ లెక్క ఇంకా సులువు. నీరు దగ్గరి పరారుణ కిరణాలను పీల్చేసుకుంటుంది, పచ్చని ఆకు వాటిని వెనక్కి కొడుతుంది. అందుకే ఉపగ్రహ చిత్రంలో నీరు నల్లగా, గుర్రపుడెక్క మెరుస్తూ కనిపిస్తాయి. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల జంట ఐదు రోజులకోసారి ఒకేచోటును 10 మీటర్ల వివరంతో చూస్తుంది. ఆ చిత్రాలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. సెంటినెల్-1 రాడార్ మబ్బుల గుండా కూడా చూస్తుంది. సహజమైన నీటి అంచు వంకరటింకరగా ఉంటుంది, చెరువు గట్టు తిన్నగా ఉంటుంది. ఈ తేడాను యంత్రానికి నేర్పితే కొత్త గట్టు లేచిన కొద్ది రోజులకే అది చెప్పగలదు. ఎన్ఐటీ విద్యార్థి ఒకరు తన లాప్‌టాప్ మీద చేయగలిగిన ప్రాజెక్టు ఇది.

అయితే యంత్రానికి గట్టు కనిపిస్తుంది, ఆ గట్టు వెనక ఉన్న కథ కనిపించదు. అభయారణ్యం గీత లోపల జిరాయితీ (సొంత పట్టా) భూములున్నాయి, ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టాలున్నాయి. 1970లలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువులు ఇచ్చింది. ఆ తర్వాత లీజుల పేరుతో చాలా చెరువులు బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. పది మీటర్ల వివరం ఉన్న చిత్రంలో పేద జాలరి చెరువూ, పెద్ద పెట్టుబడిదారుడి చెరువూ ఒకే రంగులో ఉంటాయి. లంక గ్రామం నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి ఈ చిత్రాన్ని చూస్తే రెండు మాటలూ అంటాడు. సరస్సు బతకాలంటాడు, మా నాన్న చెరువు ఏ లెక్కలో వేస్తారంటాడు. ఆ రెండో ప్రశ్నకు చట్టమూ విచారణా జవాబు చెప్పాలి గానీ యంత్రం చెప్పకూడదు. కొలిచే పని దానికి అప్పగించవచ్చు. నిర్ణయించే పని అప్పగించరాదు.

వరద విషయంలో కూడా యంత్రం ఒక్కటే చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాల రోడ్లను కప్పేసింది. అలాంటి రోజుల్లో ఇక్కడివాళ్లందరి చూపూ పెదఎడ్లగాడి వంతెన దగ్గరి నీటిమట్టం మీదే ఉంటుంది. 2018లో పట్నాతో మొదలైన గూగుల్ వరద హెచ్చరికలు నదుల విషయంలో చాలా మెరుగయ్యాయి. కొల్లేరు నది కాదు. ఉప్పుటేరులో పోటు ఎంత ఉంది, డెక్క ఎక్కడ అడ్డుపడింది, ఏ గట్టు నీటిని ఆపుతోంది అన్నవాటిని బట్టి ఇక్కడ నీరు ఎక్కుతుంది, దిగుతుంది. ఆ వివరాలు లంకల్లో ఉన్నవాళ్లకే తెలుసు. ప్రతి వంతెన దగ్గరా ఒక గేజి, ప్రతి లంకలో దాన్ని చూసి పంపే ఇద్దరు యువకులు ఉంటే, ఎంత పెద్ద కంపెనీ యంత్రమైనా చెప్పలేని హెచ్చరిక మనకు అందుతుంది.

తెలుగులో అడిగితే

గుడివాకలంకలో ఒక పెద్దాయన ఫోన్‌లో "గట్టు తెగిందండీ, లాకులు ఎత్తారా?" అని అడిగితే యంత్రానికి అర్థం కావాలి. అది ఇంగ్లిషు తెలిసినవాళ్లకే అర్థమయ్యే తెలివి అయితే ఊరికి చెందిన తెలివి కాదు. కంప్యూటర్ లోపల ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. ప్రామాణిక యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు కావాలి. మొదట్లో వచ్చిన భాషా నమూనాలు తెలుగు మాటను చిన్నచిన్న ముక్కలుగా చీల్చేవి. దానివల్ల అదే ప్రశ్నకు ఖర్చు ఎక్కువయ్యేది, జవాబు నాణ్యత తగ్గేది. ఈ లోటు తీర్చడానికి కేంద్రం 2022లో భాషిణి అనే భాషానువాద వేదికను ప్రారంభించింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల నమూనాలను బహిరంగంగా విడుదల చేస్తోంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ విద్యార్థులతో ఊరూరా తెలుగు కథలనూ మాటలనూ పోగుచేయించింది. ఆ పనిలో చేరిన విద్యార్థులు ఏఐని బయట నుంచి చూసి భయపడేవాళ్లు కారు, గుడ్డిగా మెచ్చుకునేవాళ్లూ కారు. దానికి ఏం పెడితే ఏం వస్తుందో వాళ్లకు తెలుసు. ఏఐ పట్ల యువతలో నేను చూడాలనుకునే వైఖరి అది.

అడగాల్సిన ఐదు ప్రశ్నలు

మళ్లీ 2020 డిసెంబరు ఏలూరు దగ్గరికి వద్దాం. అప్పుడు ఏఐ ఉండి ఉంటే సరిపోయేదా? ఇన్‌ఫ్లుయెంజా ఎక్కడ వ్యాపిస్తోందో జనం వెతికే మాటలను బట్టి చెప్పగలమని గూగుల్ 2008లో ఫ్లూ ట్రెండ్స్ ప్రారంభించింది. 2012-13 శీతాకాలంలో అది ఉన్నదానికి దాదాపు రెట్టింపు అంచనా వేసింది. 2015లో దాన్ని ఆపేశారు. నేల మీద నమూనాలు తీయకుండా తెర మీద ఊహలు కడితే వచ్చే ఫలితం ఇది. కృష్ణా నీరూ గోదావరి నీరూ కాలువల్లో కలిసే ఊరు ఏలూరు. ఆ నీళ్లను, తమ్మిలేరును, కుళాయి చివరి నీటిని రోజూ పరీక్షించి ఫలితాన్ని ఊరందరికీ చూపించే ఏర్పాటు ముందు కావాలి. ఆ లెక్కల్లో ఏ అంకె తేడాగా ఉందో పసిగట్టే పని అప్పుడు ఏఐకి ఇస్తే నిజంగా ప్రాణాలు కాపాడుతుంది. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలూ ఉద్యాన విశ్వవిద్యాలయమూ కలిసి పూనుకోదగ్గ పని ఇది.

ఊళ్లోకి వచ్చే యంత్రాల గురించి జవాబు అడగడానికి చట్టం అండ కూడా ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అందులో ప్రభుత్వానికి మినహాయింపులు ఎక్కువగానే ఉన్నాయి. అందుకే ప్రజలు అడగడం మరింత అవసరం. 2005 నాటి సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. ఐరోపా సమాఖ్య 2024 ఆగస్టు 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఏఐ చట్టం, మనిషి హక్కులకు ముప్పు ఎంత ఉందో చూసి నియమాలు పెట్టింది. మన నగరపాలక సంస్థలు కూడా ఆ పద్ధతిలో ఆలోచించవచ్చు.

మీ ఊళ్లో ఏ కొత్త కెమెరా వచ్చినా, ఏ కొత్త యాప్ వచ్చినా ఐదు ప్రశ్నలు అడగండి. ఇది ఏం కొలుస్తోంది? ఎన్నిసార్లు పొరబడుతుంది, ఎవరి విషయంలో ఎక్కువ పొరబడుతుంది? నా వివరాలు ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటాయి? తప్పు జరిగితే వినే మనిషి ఎవరు, ఎన్ని రోజుల్లో సరిచేస్తారు? ఊరికి వద్దనిపిస్తే దీన్ని ఆపగలమా?

ఈ ప్రశ్నలు అడిగినవాళ్లను అభివృద్ధికి అడ్డుపడేవాళ్లని కొందరు అంటారు. రొయ్యల చెరువుకు సెన్సర్ కొనే రైతు ఈ ప్రశ్నలన్నీ అడిగాకే డబ్బు ఇస్తాడు. చెరువు కోసం అడిగేది ఊరి కోసం అడగడం తప్పెలా అవుతుంది? ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల విద్యార్థులారా, ఏఐ నేర్చుకోండి, దాంతో పని చేయించుకోండి, మీ ఊరి లెక్కలు దానికి మీరే నేర్పండి. తప్పుకు జవాబు చెప్పే అధికారి పేరు రాసిలేని యంత్రాన్ని మాత్రం మీ వీధిలో ఒప్పుకోకండి.